నేత అంటే ఎవరు?

తెలుగులో 'నేత' అనే మాటకు రెండు అర్థాలున్నాయి. నేసే పని ఒకటి, నాయకుడు రెండోది. మా అమరచింతలో ఈ మాట వింటే మొదట మగ్గమే గుర్తొస్తుంది. ఒంటికి నూలు, అంచుకు పట్టు పెట్టి గద్వాల చీరలు నేసే ఊరు మాది. సెర్చి ఇంజనుకు మాత్రం నేతంటే నాయకుడే.

ఇంటర్ చదివే మా అన్న కూతురు కాలేజీలో ఇవ్వాల్సిన వ్యాసం కోసం 'అమరచింత నేత' అని వెతికింది. వచ్చినవన్నీ రాజకీయ వార్తలే. ఫలానా పార్టీ నేత పర్యటన, ఫలానా నేతకు సన్మానం. ఇందులో వింతేమీ లేదు. 2008 నియోజకవర్గాల పునర్విభజన దాకా అమరచింత పేరుతో శాసనసభ స్థానం ఉండేది. తర్వాత 'మగ్గం' అని కొట్టింది. జాకెట్ల మీద వేసే మగ్గం వర్కు డిజైన్లు వరస కట్టాయి. 'గద్వాల చీర' అంటే దుకాణాలు, ధరలు, తగ్గింపులు. పక్కనే రాట్నం ముందు కూర్చుని కండెలు చుడుతున్న మా అమ్మ ఫోనులోకి తొంగి చూసి, "అండ్ల మనమేడున్నమే?" అంది.

సెర్చి ఇంజన్లు తయారు చేసేవాళ్ళు కూడా ఇలాంటి ప్రశ్నే వేసుకున్నారు. అడిగిన మాటకు ఎంత దగ్గరగా ఉందన్నదొక్కటే చూసి వరస పెడితే, మొదటి పదీ ఒకదానికొకటి నకళ్ళలా ఉండొచ్చు. దీనికి కార్బొనెల్, గోల్డ్‌స్టీన్ అనే ఇద్దరు పరిశోధకులు 1998లో ఒక పద్ధతి చెప్పారు. ప్రతి పేజీకీ రెండు లెక్కలు చూడాలి. ప్రశ్నకు ఎంత దగ్గర? ఇప్పటికే ఎంచుకున్న పేజీలతో ఎంత పోలిక? మొదటిది మార్కులు పెంచుతుంది, రెండోది తగ్గిస్తుంది. దేనికెంత బరువో సున్నాకూ ఒకటికీ మధ్య ఒక అంకె తేలుస్తుంది. ఒకటి పెడితే దగ్గరితనమొక్కటే మిగులుతుంది. సున్నా పెడితే అడిగినదానితో పనిలేని రకరకాలవన్నీ వచ్చి పడతాయి.

ఈ అంకె ఎప్పుడూ ఒకటే ఉండక్కర్లేదు. ఆత్మకూరు బస్సు ఎప్పుడని అడిగినవాళ్ళకు ఒక్క జవాబు చాలు, పది కోణాలు అక్కర్లేదు. 'నేత' అన్నప్పుడు మాత్రం రెండర్థాలకూ చోటుండాలి. ఏ ప్రశ్నకు ఒకే జవాబుంది, ఏ ప్రశ్నకు పలు జవాబులున్నాయి అని తేల్చడం పైకి సాంకేతిక విషయంలా కనిపిస్తుంది. కానీ దగ్గరితనం లెక్క ఊరికే పుట్టదు. అంతకుముందు ఎవరు రాశారు, ఎవరు దేన్ని నొక్కారు అన్నదాంట్లోంచి పుడుతుంది. అధికారం ఉన్నవాళ్ళ గురించి ఎక్కువ రాస్తారు, కాబట్టి వాళ్ళే 'సంబంధం ఉన్నవాళ్ళు' అవుతారు. వాషింగ్టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2015లో ఒక సంగతి బయటపెట్టారు. అమెరికాలో కంపెనీల సీఈవోల్లో 27 శాతం స్త్రీలుంటే, బొమ్మల వెతుకులాటలో కనిపించింది 11 శాతమే.

2019 జూన్‌లో గూగుల్ ఒక మార్పు ప్రకటించింది. ఒకే సైటు నుంచి మామూలుగా రెండుకు మించి ఫలితాలు పైన రావని. మంచిదే. కానీ పది వేరువేరు దుకాణాలు ఒకే చీరను అమ్మితే అది వైవిధ్యమా? సైట్లు మారాయి, మాట్లాడేది మాత్రం అమ్మేవాళ్ళే.

సరే, మగ్గం అర్థమే పైకొచ్చిందనుకుందాం. అక్కడ కనపడేది ఎవరు? తెలంగాణలో 2017లో మొదలైన పథకం పేరు 'నేతన్నకు చేయూత'. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వచ్చింది 'నేతన్న నేస్తం'. నేతక్క పేరుతో పథకం నేను వినలేదు. 2019-20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత పనివాళ్ళున్నారు. వాళ్ళలో 70 శాతానికి పైగా స్త్రీలే. ఈశాన్య రాష్ట్రాల్లో ఆడవాళ్ళే మగ్గం మీద కూర్చుంటారు. మా వైపు ఎక్కువగా మగవాళ్ళు కూర్చుంటారు. నూలు తోడడం, కండెలు చుట్టడం ఆడవాళ్ళ వంతు. కండె లేకపోతే నాడె ఆడదు. అయినా ఆ పని 'ఇంట్లో సాయం' అనే లెక్కలో పోతుంది.

వెతికే యంత్రం ఉన్నవాటిలోంచే ఎంచుతుంది. కండె చుట్టే చేతుల గురించి ఎక్కడా పేజీ లేకపోతే, ఆ అంకెను ఎటు జరిపినా అవి కనపడవు. ఇది కంప్యూటర్లతో వచ్చిన సమస్య కాదు. తెలంగాణ సాయుధ పోరాటం గురించి వెతికితే ఒకప్పుడు ఎక్కువగా దొరికింది నాయకుల అనుభవాలే. అక్కడా నేతలే! స్త్రీశక్తి సంఘటన వాళ్ళు ఆ పోరాటంలో ఉన్న ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళి, వాళ్ళ మాటల్లోనే చెప్పించుకుని, 'మనకు తెలియని మన చరిత్ర'ను 1986లో తెచ్చారు. ఆ తర్వాతే అదే ప్రశ్నకు ఇంకో జవాబు కూడా ఉందని మనకు తెలిసింది.

అందుకే నేను రెండూ అడుగుతాను. వరస పెట్టేవాళ్ళు తక్కువమంది రాసినదానికీ, తక్కువమంది చూసినదానికీ మొదటి పేజీలో చోటు వదలాలి. మనం ఆ చోటులోకి వచ్చేలా మన అమ్మల పనిని పనిగా, వాళ్ళ మాటల్లో, తెలుగులో రాసిపెట్టాలి. వాళ్ళు చోటిచ్చేదాకా ఆగి రాద్దామంటే, చోటిచ్చిన రోజున అందులో పెట్టడానికి మన దగ్గర ఏమీ ఉండదు.