ఫ్రీజర్లో పేలు

రాజోలు, 2025

జనవరి 6
చెల్లెలి కూతురు దిగింది. చేపల మీద పీహెచ్‌డీ. ఒక సూట్‌కేసు, కొన్ని థర్మోకోల్ పెట్టెలు. సూట్‌కేసు ఆటోవాడు విసిరినా ఏమీ అనలేదు. పెట్టెలు మాత్రం తనే దింపుకుంది.

ఫ్రీజరు సగం కావాలంది. మా ఆవిడ పచ్చి బఠానీ పక్కకి జరిపింది.
"ఏం పెడతావే అందులో?"
"చేప రక్తం అత్తా. కొన్ని పేలు."
బఠానీ మొత్తం బయటికి వచ్చేసింది. రాత్రి బఠానీ కూర. రేపూ అదేనట.

జనవరి 9
చెరువు. శీలావతి, బొచ్చె. గట్టున కొబ్బరిచెట్లు. నీళ్ళలో వెదురు గెడలు, గెడలకి చిల్లుల సంచులు, సంచుల్లో తవుడు. చేపలు వచ్చి చిల్లుల దగ్గర లాక్కుని తింటాయి.

విసురు వల వేయించాడు రైతు. శీలావతిని చేతిలోకి తీసుకుంటే మొదట ఏమీ కనపడదు. కాసేపటికి ఒక పొలుసు కదులుతుంది. పొలుసు కాదు, పేను. ఆర్గులస్. ఒంట్లోంచి అవతల ఉన్నది కనిపిస్తుంది. అంటుకోవడానికి రెండు గుండ్రటి చూషకాలు, పొడవడానికి ఒక ముల్లు. గోటితో గీకితే ఊడదు. పక్కకి జరుగుతుంది.

"శీలావతికే ఎక్కువ పడుద్దండి."
తర్వాత అడిగాడు: "మీరు రక్తం తీత్తే పేను పోద్దాండి?"
పోదని చెప్పింది అమ్మాయి. ఇంకా చదువులోనే ఉంది కదా, ఉన్నదున్నట్టు చెబుతుంది.

జనవరి 10
ఈ పేను పురుగుల జాతి కాదు. రొయ్యకి దూరపు చుట్టం. డెల్టామెత్రిన్ పేనుని చంపుతుంది. రొయ్యనీ చంపుతుంది.

ఈ రైతుకి పడమటి చెరువులో చేప, తూర్పు చెరువులో రొయ్య. ఒక చుట్టానికి మందు కొడుతూ, ఇంకో చుట్టానికి రాత్రంతా ఏరేటర్లు తిప్పుతున్నాడు.

జనవరి 15, కనుమ
జగ్గన్నతోట ప్రభల తీర్థం. ఏకాదశ రుద్రులు. గంగలకుర్రు ప్రభ కౌశికలోకి దిగింది. మోసేవాళ్ళకి పీకల దాకా నీళ్ళు. అందరం నోళ్ళు తెరుచుకుని చూస్తున్నాం.

వెనకాల ఇద్దరు, రొయ్యల బేరం.
"వంద కౌంటు ఎంత చెప్పాడు?"
"చెప్పలేదు. ఐసు వచ్చాక చెప్తానన్నాడు."
ప్రభ గట్టెక్కేలోపు బేరం తెగింది.

జనవరి 20
రక్తం తీసే రోజు. బకెట్లో లవంగ నూనె చుక్కలు. చేప కాసేపు తిరిగి పక్కకి ఒరుగుతుంది. ముందు ఒంటి మీది జిగురు, గాజు పలకతో తల నుంచి తోక వైపు. తర్వాత తోక కింద సూది, వెన్నెముక తగిలేదాకా.

చేప భయపడితే కార్టిసాల్ పెరుగుతుంది. కార్టిసాల్ పెరిగితే రోగనిరోధక శక్తి తగ్గుతుంది. మనం కొలిచేది చేప సంగతా, మనం పట్టుకున్న సంగతా తెలియదు. అందుకని "మెల్లిగా పట్టు, తొందరగా తే" అంటోంది వల మనిషిని. రెండూ విని అతను ఆగిపోయాడు.

గట్టు మీద ఒకావిడ: "చేపకి సుగరా అండి?"

జనవరి 21
చిన్నప్పుడు బోదకాలు పరీక్ష వాళ్ళు రాత్రిళ్ళు వచ్చేవారు. ఫైలేరియా పురుగు పిల్లలు పైరక్తంలోకి రాత్రే వస్తాయి. తలుపు కొట్టి, లేపి, వేలు పొడిచి, గాజు పలక మీద చుక్క.

మా తాత: "పగలు రండి."
"పగలు అది దొరకదండి."
"ఐతే దొరికే వాళ్ళింటికే వెళ్ళండి." ముసుగు తన్నాడు.

ఇప్పుడు కార్డు పరీక్ష. పగలైనా సరే, పురుగు వదిలిన పదార్థాన్ని పట్టేస్తుంది. అమ్మాయికి చెప్పాను. "అది పురుగు ఉందని చెప్పేది మావయ్యా. నాది చేప ఏమందో చెప్పేది."

చేప ఏమంటుంది? అడగలేదు. టీ వచ్చింది.

జనవరి 25
ఆడపేను గుడ్ల వేళకి చేపని వదిలేస్తుంది. ఈదుకుంటూ పోయి గట్టిగా ఉన్నదేదైనా చూసి వరసలుగా అంటిస్తుంది. ఈ చెరువులో గట్టిగా ఉన్నవి వెదురు గెడలే. మేత గెడా అదే. దురద పుట్టి చేప ఒళ్ళు రుద్దుకునేదీ దానికే.

గెడలు పీకి ఎండలో వేయించాడు రైతు. గుడ్లు ఎండి చస్తాయి. సాయంత్రానికి సగం గెడలు లేవు. ఎవరో బీర పందిరికి పట్టుకుపోయారు.

జనవరి 29
నార్వేలో సాల్మన్ చేపలకి వేరే రకం పేను. సముద్రపుది. అక్కడ ప్రభుత్వం హద్దు పెట్టింది. సగటున చేపకి సగం పెద్ద ఆడపేను. అంతకు మించకూడదు. వసంతంలో, చేపపిల్లలు సముద్రంలోకి దిగే వేళ, ఇంకా తక్కువ: 0.2. లెక్కపెట్టి పంపాలి.

రైతుకి చెప్పాను. చాలాసేపు ఆలోచించాడు.
"సగం పేనుని ఎలా లెక్కెడతారండి?"

ఫిబ్రవరి 2
మన రక్తకణాలు ఎముక మజ్జలో పుడతాయి. చేపవి మూత్రపిండం ముందు భాగంలో, తల వెనక. ఒకే ముద్ద. అందులోనే రక్తం తయారీ, అందులోనే సైన్యం. చేపకి లింఫ్ గ్రంథులు లేవు.

ఐజీఎం అనే యాంటీబాడీ మనిషిలో అయిదేసి కలిసి తిరుగుతుంది. చేపలో నాలుగేసి. చేపకి ఇంకో రకం ఉందని 2005 దాకా ఎవరూ చూడలేదు. ఐజీటీ. 2010లో ట్రౌట్ చేప పేగులో పరాన్నజీవి చేరినప్పుడు అక్కడ పని చేస్తున్నది ఇదేనని తేలింది. రక్తంలో వెతికితే సరిగా చిక్కదు. అందుకే ఆ జిగురు గీకుడు.

నీళ్ళు చల్లబడితే ఇదంతా నెమ్మదిస్తుంది. చేపది చల్లరక్తం. ముప్ఫై మూడేళ్ళు జువాలజీ చెప్పి రిటైరయ్యాను. ఐజీటీ పేరు నిన్న విన్నాను.

ఫిబ్రవరి 8
అంతర్వేది రథం. బస్సుల నిండా జనం. శాంపిళ్ళ పెట్టె ఇవాళ కదలదు. సఖినేటిపల్లి రేవులో పంటు మీద నిలబడ్డానికి చోటు లేదు.

అవతల నరసాపురం. అక్కడ 2022 నవంబరులో మత్స్య విశ్వవిద్యాలయానికి శంకుస్థాపన. ఇటు వచ్చేవాళ్ళంతా నరసింహస్వామి కోసమే.

ఫిబ్రవరి 12
కానూరు అగ్రహారం, వేల్పూరు. చచ్చిన కోళ్ళ శాంపిళ్ళు భోపాల్ ల్యాబ్‌కి వెళ్ళొచ్చాయి. బర్డ్ ఫ్లూ.

చికెన్ కొట్టు ముందు కుక్కలు కూడా లేవు. చేపల దగ్గర వరస. రైతు ఫోన్ చేశాడు. గొంతులో పండగ.
"పేను అలాగే ఉందిగా?" అన్నాను.
"మనిషికి పట్టదు కదండి."

ఫిబ్రవరి 19
పక్క చెరువు రొయ్యల రైతు వచ్చాడు. "మా రొయ్యకీ ఓ సూది ఎయ్యండి."

రొయ్యకి యాంటీబాడీలు ఉండవు. ఎంత వెతికినా దొరకవు. ఈహెచ్‌పీ అనే పరాన్నజీవి సోకిందా అని తెలియాలంటే పీసీఆర్‌లో నేరుగా దాన్నే పట్టాలి. థాయ్‌లాండ్ వాళ్ళు దానికి పేరు పెట్టింది 2009లో. మనకి వనామీ రొయ్య సాగు అనుమతి వచ్చిందీ 2009లోనే.

ఈహెచ్‌పీ వస్తే రొయ్య వెంటనే చావదు. ఎదగదు. మేత మాత్రం తింటుంది.
"మావోడి లాగన్నమాట," అన్నాడు.

ఫిబ్రవరి 20
వైట్ స్పాట్. రొయ్యకి ఐతే వైరస్. చేపకి ఐతే ఒంటి మీద తెల్ల చుక్కలు వేసే ఏకకణ జీవి. అది సోకి బతికి బయటపడ్డ చేపకి మళ్ళీ అంత తేలిగ్గా సోకదు. ఒళ్ళు గుర్తుపెట్టుకుంటుంది.

మందుల కొట్టులో అడిగాను. రెండిటికీ ఒకే డబ్బా చూపించాడు.

ఫిబ్రవరి 25
కాకినాడ. అమ్మాయి స్నేహితురాలి ల్యాబ్. ఎలీసా. 1971లో స్టాక్‌హోంలో ఎంగ్వాల్, పెర్ల్‌మన్ మొదలెట్టిన పద్ధతి.

96 గుంటల ప్లాస్టిక్ పళ్ళెం. గుంట అడుగున నూరిన పేను. దాని మీద శీలావతి సీరం. శీలావతికి ఆ పేను తెలిసి ఉంటే యాంటీబాడీ వచ్చి అతుక్కుంటుంది. అతుక్కుందని తెలియాలిగా. దానికి శీలావతి యాంటీబాడీని గుర్తుపట్టే కుందేలు యాంటీబాడీ. కుందేలుదాన్ని గుర్తుపట్టే మేక యాంటీబాడీ. మేకదానికి తగిలించి ఒక ఎంజైము, అది హార్స్‌రాడిష్ అనే ఘాటు దుంపలోంచి తీసింది. దాని మీద రంగు మందు. నీలం. యాసిడ్ చుక్క వేస్తే పసుపు.

పేను, శీలావతి, కుందేలు, మేక, దుంప. ఒక చేపని "నిన్ను పేను కుట్టిందా?" అని అడగడానికి.

గుంటలు కడుగుతూ కూర్చున్నారు ఇద్దరూ. కడగడమే ఎక్కువ. పెళ్ళి గురించి మాట్లాడుకున్నారు. నేనున్నానని గుర్తొచ్చి ఆపేశారు.

మార్చి 3
తిరుగు బస్సు. యానాం దాటి ఎదుర్లంక వారధి. బాలయోగి పేరు మీద. 2002లో ఇదే తేదీన పోయాడు. లోక్‌సభ స్పీకరు, అమలాపురం ఎంపీ. కైకలూరు దగ్గర కొవ్వాడలంకలో హెలికాప్టర్ పడింది. పడింది చేపల చెరువులో.

పక్క సీటాయన కిటికీలోంచి దణ్ణం పెట్టాడు. గోదారికో, ఆయనకో.

మార్చి 10
పళ్ళెం లెక్కలు చదివింది అమ్మాయి. చేప జవాబిచ్చింది. అంతవరకూ సంతోషమే.

ఒంటి నిండా పేలున్న చేప గుంట లేత పసుపు. పేను ఒక్కటీ లేని చేప గుంట చిక్కటి పసుపు. ఆ రెండోది మందు కొట్టిన చెరువుది. పేలు పోయాయి, యాంటీబాడీ ఉండిపోయింది.
"మరి మొదటిది?"
"పేను ఈ మధ్యే పట్టి ఉండొచ్చు. లేకపోతే పేనే అణిచేస్తుండొచ్చు. కుట్టేటప్పుడు ఏదో కక్కుతుంది మావయ్యా."
"లేకపోతే?"
"లేకపోతే చేప అంతే."
మూడూ రాసుకుంది. మూడో దాని కింద గీత గీసింది.

మార్చి 11
యాంటీబాడీ ఉంటే పేను రాదా? వస్తుంది. తెలిసినంత మాత్రాన ఆగదు.

మా ఆవిడ బఠానీ మళ్ళీ ఫ్రీజర్లో పెట్టింది. ఈసారి స్టీలు డబ్బాలో, పైన రబ్బరు బ్యాండు రెండు చుట్లు.

మార్చి 16
భువనేశ్వర్‌లోని మంచినీటి చేపల పరిశోధన సంస్థ సీఫా వాళ్ళు పేను వల్ల నష్టం లెక్కగట్టారు. హెక్టారుకి ఏడాదికి 29,524 రూపాయలు. పాత లెక్క.
"ఎకరాకి చెప్పండి," అన్నాడు రైతు.
భాగించి చెప్పాను. 12 వేలు, కొంచెం తక్కువ.
"అంతేనా?" మొహం చిన్నబోయింది. తన నష్టానికి అంతకన్నా గౌరవం ఆశించినట్టున్నాడు.

ఏప్రిల్ 6
ట్రంప్ సుంకం. రొయ్య ధర పడిపోయింది. అమలాపురం బస్టాండులో టీ కొట్టు దగ్గర అందరూ అమెరికా సంగతే. ఒకతను వైట్ హౌస్ అనబోయి వైట్ స్పాట్ అన్నాడు. ఎవరూ సరిదిద్దలేదు.

రొయ్యల రైతు చెరువు ఎండగట్టి చేప వేస్తానంటున్నాడు. చేపల రైతు వద్దంటున్నాడు. పేను గురించి చెప్పాడా అంటే, చెప్పలేదట.

ఏప్రిల్ 14
అమ్మాయి వెళ్ళిపోయింది. ఫ్రీజరు ఖాళీ. అడుగున ఒక చిన్న గొట్టం మిగిలింది, మీద నంబరు చెరిగిపోయింది. పారెయ్యమంటే మా ఆవిడ ముట్టుకోదు.

సాయంత్రం చేపల రైతు ఫోను.
"రిజల్టు వచ్చిందాండి?"
"వచ్చింది. చేప పేనుని గుర్తుపట్టింది."
"ఆయ్. మంచిదండి." కాసేపు ఆగాడు. "ఆ చేపలు మొన్న పట్టుబడి అయిపోయాయండి. హౌరా ఎల్లిపోయాయి. కొత్త సీడు ఏసేను."
"వాటికి ఇంకా పట్టలేదుగా?"
"ఇంకా లేదండి. గెడలు పాతే." మళ్ళీ ఆగాడు. "పాప గారి లవంగ నూనె ఏవన్నా మిగిలిందాండి? మా ఆవిడకి పన్ను సలుపు."