చైన్ చక్రంలో దాగిన చిరునామా

కొండకల్ వంటి చేవెళ్ళ ప్రాంతపు పల్లెల్లో, ఎడ్లబండి తర్వాత సామాన్య కుటుంబానికి దక్కిన సొంత వాహనం సైకిలే. ఆ తరం సైకిళ్ళలో మిగిలినవి కొట్టాల్లోనో పాత ఇనుము గుట్టల్లోనో తుప్పుపట్టి ఉంటాయి కాబట్టి, రంగును బట్టి గానీ, హ్యాండిల్ కింది గొట్టానికి బిగించే కంపెనీ బిళ్ళను బట్టి గానీ వాటి పుట్టుక తెలియదు. పెడల్ క్రాంకుకు అతికి ఉండే పళ్ళ చక్రం, అనగా చైన్ చక్రం మాత్రం గట్టి ఉక్కు కావడం వల్ల చివరిదాకా నిలుస్తుంది.

పళ్ళున్న అంచును నడిమి భాగంతో కలిపే కొన్ని పట్టీలుంటే చక్రానికి బలం చాలును గనుక, మధ్య లోహాన్ని కోసి బరువు తగ్గించిన తయారీదారులు ఆ కోతలనే తమ ముద్రగా మలచుకున్నారు. ఇంగ్లండులోని నాటింగ్‌హాంకు చెందిన రాలే సంస్థ తన అధిపతి ఫ్రాంక్ బౌడెన్ వంశచిహ్నమైన నారాయణపక్షి తలను చక్రంలో నిలిపింది. 1861లో బర్మింగ్‌హాంలో తుపాకుల తయారీకి ఏర్పడిన బీఎస్ఏ తన మూడు అక్షరాలను కోయించింది. రడ్జ్ కంపెనీ చక్రంలో అరచేయి కనిపిస్తుంది. వలయంగా నిలిచిన ఐదుగురు మనుషుల హంబర్ కంపెనీ చక్రం వీటన్నిటిలోకీ అందమైనది, ఎందుకంటే అందులో బరువు మోసే పట్టీలే బొమ్మలయ్యాయి.

అయితే ముద్ర ఒక్కటే రుజువు కాదు. హంబర్ సైకిళ్ళ వ్యాపారం 1932లో, రడ్జ్ 1943లో, బీఎస్ఏ సైకిళ్ళ విభాగం 1957లో రాలే చేతికి వచ్చాయి కనుక పేరు పాతదైనా యజమాని వేరు కావచ్చు. మన దేశంలోనే అసన్‌సోల్‌లో సేన్-రాలే, మద్రాసు దగ్గరి అంబత్తూరులో 1949లో ఏర్పడిన టీఐ సైకిల్స్ బ్రిటిష్ పేర్లతో సైకిళ్ళు తయారుచేశాయి కనుక, ఇంగ్లండు పేరు కనబడగానే దిగుమతి సరుకని తేల్చడం తొందరపాటే. పైగా రిపేరు షాపులో చేతికందిన చక్రం బిగించడం సర్వసాధారణం.

అందుచేత పిచ్‌ను, అంటే పక్కపక్క పళ్ళ మధ్య దూరాన్ని, కొలవాలి: అర అంగుళం తర్వాతి కాలపు ప్రమాణం, అంగుళమైతే సైకిలు ఇంకా పాతదయ్యే అవకాశం ఎక్కువ. స్టర్మీ-ఆర్చర్ గేర్ల హబ్, అనగా వెనక చక్రపు ఇరుసు డబ్బా, ఉంటే దాని మీద తయారైన సంవత్సరపు చివరి రెండంకెలు చాలాసార్లు చెక్కి ఉంటాయి. చక్రం, పిచ్, హబ్ ఈ మూడూ ఒకే కాలాన్ని సూచించినప్పుడే నిర్ధారణ నిలుస్తుంది.

ఇంట్లో పాత సైకిలు ఉన్నవారు దాన్ని తూకానికి అమ్మేముందు చైన్ కవర్ విప్పి, చక్రాన్ని కిరోసిన్ గుడ్డతో తుడిచి, ఒక ఫోటో తీసి, హబ్ మీది అంకెలు రాసి ఉంచాలి.