పేదరాశి పెద్దమ్మ పెనం!

జానపద చిత్రం అనగానే మనకేం గుర్తొస్తుంది? రాకుమారి, మాంత్రికుడు, సాహసాలు! 1951లో వచ్చిన 'పాతాళ భైరవి'లో తోట రాముడు రాకుమారి కోసం మాంత్రికుడి వెంట బయల్దేరాడు కదా. ఆ దారిలో ఓ ముసలమ్మ అడ్డొచ్చి "నాయనా, నా పెనం తెచ్చిపెట్టు" అని ఉంటే? నేల టిక్కెట్టువాళ్ళు ఈలలేసి గోల చేసేవారు!

సరిగ్గా అలాంటి పేదరాశి పెద్దమ్మే నాకు ఎదురైంది. వెండితెర మీద కాదు, కంప్యూటర్ తెర మీద.

పోలెండ్‌కి చెందిన సీడీ ప్రాజెక్ట్ రెడ్ సంస్థ 2015లో విడుదల చేసిన 'ది విచర్ 3' ఆట అది. సప్కోవ్‌స్కీ నవలల్లోని గెరాల్ట్ ఇందులో కథానాయకుడు. డబ్బు తీసుకుని రాక్షసుల్ని వేటాడటం ఆయనగారి వృత్తి. మొదట్లో యెన్నెఫర్ అనే మంత్రగత్తెను వెతుక్కుంటూ వైట్ ఆర్చర్డ్ అనే పల్లెకొస్తాడు. ఇలాంటి ఆటల్లో సైడ్ క్వెస్టులని పిట్టకథలుంటాయి. చేస్తే చేయొచ్చు, మానేస్తే మానొచ్చు. అసలు కథేమీ ఆగదు.

అక్కడ తాళమేసిన గుడిసె ముందు ముసలమ్మ పచార్లు చేస్తోంది. ఎవరో పెనం అరువు తీసుకెళ్ళి తిరిగివ్వలేదట. 'అంత వీరుడికి ఇదా పని!' అనుకుని ముందుకెళ్ళిపోయాను. గంటసేపు ఊరంతా తిరిగొచ్చినా ఆవిడ అక్కడే ఉంది! చెప్పొద్దూ, జాలేసింది. మంత్రంతో తలుపు బద్దలు కొట్టించాను. లోపల ఓ శవం, కాలిన కాగితాలు, తళతళలాడే పెనం! దాని మసి గీకి సిరా చేసుకున్నారట. పెనం అంత శుభ్రంగా ఉన్నందుకు ముసలమ్మ మురిసిపోయింది. నాకు దక్కిన బహుమతి మాత్రం అంతంతమాత్రం.

కంప్యూటర్ కట్టేశానో లేదో, అమ్మ గుర్తొచ్చింది.

మూడు నెలలుగా ఆవిడ ఒక్కటే మాట. "ఒరే నాన్నా, మీ పిన్ని మన అట్ల పెనం పట్టుకెళ్ళింది, తెచ్చిపెట్టరా." నేనేమో ఫలానా హీరో ఇంటర్వ్యూ అనీ, ఫలానా ఆడియో ఫంక్షన్ అనీ తప్పించుకున్నాను. "కొత్త నాన్‌స్టిక్ కొనిస్తాలేవే" అని కూడా అన్నాను.

మర్నాడు పొద్దున్నే విజయవాడ బస్సెక్కాను. పిన్ని నవ్వుతూ పెనం చేతికిచ్చింది. అచ్చం ఆటలోలాగే తళతళలాడుతోంది! "మొన్న సంక్రాంతికే పీచుతో రుద్ది రుద్ది తోమాన్రా, ఎంత మసి వదిలిందో!" అంది.

ముసలమ్మలాగే అమ్మ కూడా మురిసిపోతుందనుకున్నాను. అమ్మ పెనాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. కాసేపు మాట్లాడలేదు.

"అది మసి కాదురా. మీ అమ్మమ్మ నలభై ఏళ్ళపాటు నూనె రాసి కాల్చి తెచ్చిన నలుపు."

అంతే! ఒక్కమాట తిట్టలేదు. పిన్నినీ అనలేదు. సంక్రాంతి మొన్ననే కదా వెళ్ళింది... అమ్మ మొదటిసారి అడిగినప్పుడే వెళ్ళి ఉంటే?

ఆటలో అయితే పాత సేవ్ ఫైల్ తెరిచి మళ్ళీ మొదలెట్టొచ్చు. తిరిగొచ్చేదాకా ముసలమ్మ గుడిసె ముందు ఎదురుచూస్తుంది. మా ఇంట్లో ఆ సౌకర్యం లేదు!

అమ్మ ఉల్లిపాయని అడ్డంగా కోసి, నూనెలో ముంచి, కాలే పెనం మీద రుద్దింది. మొదటి అట్టు అంటుకుపోయింది. రెండోది ముక్కలైంది. మూడోది చిరిగినా పళ్ళెంలోకి వచ్చింది.

"ఫరవాలేదు, దారికొస్తుంది" అంది అమ్మ.

ఇప్పుడు రోజూ రాత్రి పెనానికి నూనె రాసే పని నాది. అది ఎప్పటికి నల్లబడుతుందో ఏమో! నలభై ఏళ్ళంటారా... చూద్దాం.

గెరాల్ట్ మాత్రం ఇంకా యెన్నెఫర్ని వెతుకుతూ వైట్ ఆర్చర్డ్‌లోనే ఉన్నాడు. ఆగుతాడు లెండి, అతగాడికేం తొందర!