మూడంకణముల కొయ్యయిల్లు

చిన్న యిల్లు కట్టుకొనుట పెద్ద యిల్లు కట్టుకొనుటకంటె కష్టము. పెద్ద యింట నాలోచింపవలసిన పని యంతగా నుండదు. తోచిన గదిని తోచినచోట బెట్టవచ్చును. చిన్న యింటనో, ప్రతి జానెడు చోటును "నీ వెందులకు?" అని యడిగి కాని లోపలికి రానీయరాదు. మా గ్రామమున, చెరువుగట్టు క్రింద మాకు సంక్రమించిన మామిడితోపులో, 24 అడుగుల నిడివియు 12 అడుగుల వెడల్పును గల మూడంకణముల కొయ్యయిల్లొకటి కట్టదలచి, యేడాదిగా మేమీ ప్రశ్ననే వేసికొనుచున్నాము.

సిమెంటు కాలమున కొయ్య యేల యని మిత్రులడుగుచున్నారు. సున్నపురాతిని గాల్చి సిమెంటు చేయునపుడు, కాల్చిన బొగ్గునుండియే కాక, ఆ రాతినుండియు బొగ్గుపులుసుగాలి వెలువడును. మానవుల పనులవలన లోకమున బుట్టు నా గాలిలో సుమారు నూటికి 7, 8 వంతులు సిమెంటు పాలిటివే. చెట్టు దీనికి విపరీతము. ఎండిన కొయ్య బరువులో నించుమించు సగము బొగ్గు; అది యంతయు గాలినుండి చెట్టు గ్రహించినదే. ఒక టన్ను ఎండుకొయ్య సుమారు 1.8 టన్నుల బొగ్గుపులుసుగాలికి సంకెల యన్నమాట. కొయ్య కాలక, చివుకక యింటిలో నిలిచినంతకాలము ఆ సంకెల వీడదు. అయితే, ఇది విని గొడ్డలి భుజమున వైచుకొని బయలుదేరువారును గలరు. ప్రకృతిని గాపాడుటకై పచ్చనిచెట్టు గూల్చుట, ఆవును జంపి చెప్పులు దానము చేసినట్లుండును.

మన పూర్వులకీ సంకోచము లేకపోలేదు. వరాహమిహిరుడు బృహత్సంహితలో, ప్రతిమలకై కొయ్య దెచ్చు విధిని జెప్పుచు, తేనెపట్టుగల చెట్టును, కుండలతో నీరు పోసి పెంచిన చెట్టును, తాపసుల యాశ్రమములందలి చెట్టును వర్జింపుమన్నాడు. నేడు వాస్తుపండితులమని తిరుగువారు ఈశాన్యపు మూలను గూర్చి యింత గొంతు చించుకొందురుగాని, ఈ మాట నొక్కరైన నెత్తగా మేము వినలేదు. పుణ్యము పురుషార్థమును గల సంగతులు వారి కంటబడవు కాబోలు.

మా తోడి యుపాధ్యాయులొకరు, "ప్రకృతి కావలెనన్న తోపేమిటండీ, మారేడుమిల్లి కొండలలో నెకరము గొనుడు" అని హితవు చెప్పిరి. ఆ కొండలు షెడ్యూల్డు ప్రాంతము. 1959 నాటి భూబదలాయింపు నిబంధనయు, దానిని మరింత బిగించిన 1970 నాటి 1వ నిబంధనయు, అచ్చటి భూమిని గిరిజనేతరులు కొనరాదనుచున్నవి. "ఎవరో యొక కొండవాని పేర వ్రాయించుకొందురు లెండి" అని వారు నవ్విరి. పరుల పేర దొంగిలించిన నేలమీద ప్రకృతితో సామరస్యము నెట్లు సాధింతురో మాకు బోధపడలేదు. శాంతి కోరి కొండకు బోవువాడు, ఆ కొండమీద బుట్టినవాని శాంతిని మూటగట్టి తేరాదు.

ఇట్టి చిక్కు తోరోకును లేకపోలేదు. అమెరికాలో వాల్డెను మడుగు నొడ్డున 1845లో నాతడు కట్టుకొన్న కుటీరము 10 అడుగుల వెడల్పు, 15 అడుగుల నిడివి. ఖర్చు 28 డాలర్ల 12½ సెంట్లు. కాలేజీ దినములలో నీ యంకెను జదివి మేము పరవశించితిమి. నేల తన మిత్రుడగు ఎమర్సనుదనియు, పలకలు రైలుమార్గములో బనిచేయు నొక యైరిషు కూలివాని పాకనుండి 4 డాలర్ల 25 సెంట్లకు గొన్నవనియు తరువాత గ్రహించితిమి. మరునాటి యుదయమున నా కూలివాడు భార్యాబిడ్డలతో, ఒక్క మూటతో త్రోవబట్టి పోవుచుండగా తోరో వారికెదురుపడెను. ఆ సంగతి నాతడు దాచలేదు. అందులకే యాతనియెడ మా గౌరవము చెడలేదు. ఒకరి యిల్లు విప్పినగాని మరియొకరి యిల్లు లేవదేమో!

మా యింటి కొయ్యయు నట్టిదే. మా ముత్తాతగారి మండువా లోగిలి యేడుగురు వారసులకు వచ్చి, రెండేండ్లక్రిందట విప్పబడినది. లారీతో వచ్చిన వర్తకునికి ఆరుగురు తమ పాలు నమ్మివేసిరి. మా పాలికి మండువా చుట్టునుండిన నాలుగు టేకుస్తంభములు, ఆరు దూలములు, అటక పలకలు, మూడు తలుపులు వచ్చినవి. ఇల్లు కట్టు వస్తువులు అయిదు మైళ్లలోపల దొరకవలెనన్న గాంధీమహాత్ముని మాటను లారీ బేకరు జీవితమంతయు బాటించెను. మా కొయ్య నడువవలసినది అరమైలు.

ఆ లోగిలిలో మా బాల్యము గడచినది. అది యెందుకంత పెద్దది? మనుష్యులనేకులుండిరను సమాధానము సగమే నిజము. గదులు లెక్కించి చూడగా, మడివంట కొకటి, మైలవంట కొకటి, పురిటి కొకటి, దేవుని కొకటి. నెలకు మూడు దినములు స్త్రీలు "బయట" నుండుటకు పెరటివైపు కొట్టొకటి. పనివాండ్రు లోపలివారికి దగులకుండ బోవుటకు ప్రక్కసందు. మా తాతగారి చెల్లెలు, పదుమూడవయేట భర్తను గోల్పోయి, జీవితమంతయు గడపినది కిటికీ లేని వెనుకగదిలో. ఎవరికిని శకునము గాకుండ, వాకిట నెవరును లేరని చూచుకొని కాని యామె బయటికి వచ్చెడిది కాదు. ఇల్లు విప్పి కప్పు తీసిననాడు ఆ గదిలో మొట్టమొదట నెండ పడినది. అంత పెద్ద యింటిలో సగము చోటు మనుష్యులుండుటకు గాదు, మనుష్యులను మనుష్యులనుండి యెడముచేయుటకు గట్టినది. ఆ గోడలనన్నిటిని చిన్నవి చేసి 24 అడుగులలో నిముడ్చుట యే శిల్పికిని జేతగాదు, వానిని మానివేయవలసినదే.

కనుక మా నమూనాలో ఒక అంకణము వంటకును భోజనమునకును, నడిమిది కూర్చుండుటకును బుస్తకములకును, మూడవది పడకకు. స్నానపు గదియు మరుగుదొడ్డియు వెనుక పంచలో. ముందు, ఇంటి నిడివి పొడుగున 6 అడుగుల పంచ. దానిని ఆ నాలుగు టేకుస్తంభములు మోయును. దూలములను గోసి యెనిమిది కంబములు చేయుచున్నారు. అటక పలకలే గోడలు. చెద నేలనుండి వచ్చును గనుక, ప్రతి కంబమును రెండడుగుల రాతిదిమ్మమీద నిలుపుదుము. అపుడు చెద యెక్కినను, దాని మట్టిదారి రాతిమీద గంటబడును. చూరు మూడడుగులు బయటికి జాచినచో వాన పలకలను దాకదు.

వాసములకు తోపు సరిహద్దున బిడుగుపడి మొవ్వు మాడిన రెండు ముదురుతాళ్లు చాలును. తాటిమ్రాను వెలుపలివైపు ఇనుమువంటిది, లోపల మెత్తనిది. లోపలిది చెక్కివేసి వెలుపలిదే వాడవలెను. పిడుగుపడిన చెట్టును గూడ వరాహమిహిరుడు వలదన్నాడు; అయినను అది ప్రతిమల మాటయేగాని మా పైకప్పు మాట గాదని సమర్థించుకొంటిమి.

మాకు మిక్కిలి భయము గలిగించినది గాలి. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను గూల్చిన తుపాను మా వయస్సువా రెవరును మరువలేరు. తేలికయిల్లు భూకంపమునకు మేలు, తుపానునకు గీడు. గాలి పైకప్పును నొక్కుటకంటె పైకి లాగుటయే యెక్కువ. అందుచేత నాలుగువైపుల వాలుకప్పు వేసి, వాసమును దూలమునకు, దూలమును కంబమునకు, కంబమును రాతికి ఇనుపపట్టీలతో బిగింపవలెనని నిశ్చయించితిమి. మా వడ్రంగి యిది విని, "మేష్టారూ, కొయ్య నాదండి, పట్టీలు మీవండి, రెండును గలిసి యుండవలెనంటే మేకు కాదు, మరబోల్టు వేయించండి" అన్నాడు. నిజమే, ఊపులో మేకు వదులగును.

ఇక మా తల్లిగారు. ఆమెకు డెబ్బదియారేండ్లు. నమూనా చూపినప్పుడు, "అబ్బాయీ, నేను మడి గట్టుకొని వండుకొనేదెక్కడరా?" అని యడిగిరి. మా యింటావిడ మాటాడలేదు. పదియవ తరగతి చదువు మా యమ్మాయి మాత్రము, "మామ్మా, ఆ మూడు రోజులు నేనెక్కడ కూర్చోవాలి? పంచలోనా?" అన్నది. అది యెత్తిపొడుపు గాదు. దానికి నిజముగ దెలియవలసియున్నది. మా తల్లిగారు నమూనాకాగితమును చాలసేపు చూచి, ఏమియు ననకుండ మడిచి యిచ్చివేసిరి. నెల దినములు ఆ ప్రసంగము మా యింట రాలేదు.

గడచిన యాదివారము తోపులో సున్నముతో ఇంటి గీతలు గీయించితిమి. ఆమె కఱ్ఱ పట్టుకొని వచ్చి, గీతలలో మూడంకణములును నడచి చూచి, వంటచోట ఆగి, మా యమ్మాయిని బిలిచి, అక్కడ నిలువబెట్టి, తానెదుట నిలిచినారు. ఇరువురకును చోటు చాలినది. "పొయ్యి ఒకటే చాలు. నా గిన్నెలకు మాత్రము పైన ఒక బల్ల వేయించు. కిటికీ చెరువువైపునకు బెట్టించు; అత్తయ్యకు జన్మమున కిటికీ లేకపోయె" అన్నారు. చెరువు పడమరకున్నది, ఆ వైపు కిటికీ వలదని యెండనుబట్టి మేమంతకుముందే తీర్మానించుకొనియుంటిమి. ఇప్పుడా వైపున చూరును మరియొక అడుగు జాచి, పాత తలుపులలో నొకదానిని గోసి రెక్కలు చేయించవచ్చునని వడ్రంగి చెప్పుచున్నాడు. కొలతలు రేపటికి గావలెనట.