నీళ్లడగని ఇంజిన్

పుట్టపర్తి పక్కనే చిత్రావతి ఉన్నా, ఏడాదిలో ఎక్కువ రోజులు కనిపించేది ఇసుకే. సగటున 550 మిల్లీమీటర్ల వానతో నెట్టుకొచ్చే సీమ ఇది. ఆవిరి ఇంజిన్‌కేమో బొగ్గు ఒక్కటే చాలదు, వేల లీటర్ల నీళ్లూ పట్టాలి. కడవ నీళ్ల కోసం జనం మైళ్లు నడిచే చోట అదెంత బరువో ఆలోచించండి!

ఆ బరువు దించింది డీజిల్. 1962లో అమెరికా ఆల్కో కంపెనీ నుంచి మన దేశానికొచ్చిన డబ్ల్యూడీఎం-2 ఇంజిన్ సత్తా 2,600 హార్స్‌పవర్. 1964 నుంచి వారణాసిలోనే తయారైంది. ఇందులో డీజిల్ ఇంజిన్ చక్రాల్ని నేరుగా తిప్పదు. జనరేటర్‌ని తిప్పి కరెంటు పుట్టిస్తుంది. ఆ కరెంటుతో ఆరు ఇరుసుల మీదున్న మోటార్లు చక్రాల్ని తిప్పుతాయి. మన గుత్తి షెడ్డు ఈ ఇంజిన్లను ఏళ్ల తరబడి సాకింది.

పుట్టపర్తికి స్టేషన్ వచ్చింది 2000లో. బ్రాడ్‌గేజ్‌పై ఆవిరి బండ్లు అప్పటికే ఐదేళ్ల కిందట ఆగిపోయాయి. అందుకే ఇక్కడి ప్లాట్‌ఫాం నీళ్ల కోసం ఆగే ఇంజిన్ ఎట్లుంటుందో ఎరగదు. ఇప్పుడు కరెంటు ఇంజిన్లొచ్చి డీజిల్ కూడా పక్కకు తప్పుకుంటోంది. రైలు నీళ్లడగడం ఎప్పుడో మానేసింది. ఇంకా అడుగుతున్నవి మన చేలూ, చెరువులే.