ఆదివారం ఫొటోలు

మాది పెనుగొండ. మా అమ్మాయి జర్మనీలో ఆహెన్ అనే ఊళ్ళో ఎమ్మెస్ చదువుతోంది. 2025 మార్చిలో వెళ్ళింది. అక్కడ చాలా గవర్నమెంటు యూనివర్సిటీల్లో చదువు ఫీజు ఉండదన్నారుగానీ, తీరా చూస్తే ఏడాది ఖర్చుకని 11,904 యూరోలు ముందే బ్యాంకులో చూపించాలిట. మన లెక్కలో ఇంచుమించు 11 లక్షలు. అందులోంచి నెలకి 992 యూరోలు మాత్రమే పిల్ల చేతికిస్తారు. ఆ డబ్బు కోసం మావారు అప్పు తెచ్చారు. నెలనెలా వడ్డీ కడుతున్నాం.

అక్టోబరులో ఇంటర్న్‌షిప్ మొదలైంది. అంటే కంపెనీలో చేరి పని నేర్చుకోవడం. ఇహ జీతం వస్తుంది కదా అని నేను సంబరపడ్డాను. కోర్సులో భాగంగా తప్పనిసరిగా చేసే ఇంటర్న్‌షిప్‌కి అక్కడి కనీస వేతనం చట్టం వర్తించదుట. వాళ్ళిచ్చినంతే పుచ్చుకోవాలి. మా అమ్మాయికి వచ్చేది ఇంటద్దెకి సరిపోతుంది.

ఇంతలో ప్రతి ఆదివారం ఫోన్‌కి ఫొటోలు రావడం మొదలెట్టాయి. ఓ వారం రైన్ నది ఒడ్డున, మరో వారం ఏదో కోట ముందు, ఇంకో వారం సంతలో. పక్కింటి వదినగారు చూసి, "మీ పాప భలే షికార్లు చేస్తోందండీ!" అన్నారు. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. ఆ రాత్రి ఫోన్లో, "నాన్నగారు ఇక్కడ వడ్డీలు కడుతుంటే నీకు వారం వారం ఊళ్ళు తిరగడం కావలసొచ్చిందా?" అని గట్టిగానే అనేశాను.

అది ఒక్క మాట కూడా తిరిగి అనలేదు. "సరేనమ్మా" అంది.

ఆ తరవాత మూడు వారాలు ఫొటోలు రాలేదు. ఫోన్ చేస్తే, "తిన్నాను, పడుకుంటానమ్మా" అనేది. మాకు రాత్రి తొమ్మిదైతే వాళ్ళకి ఇంకా సాయంత్రం నాలుగున్నర. ఆ వేళప్పుడు పడకేమిటి? నాలుగో ఆదివారం నేనే మనసు ఉగ్గబట్టుకుని, "నిజం చెప్పవే తల్లీ, ఏమైంది?" అన్నాను.

అంతే, వెక్కివెక్కి ఏడ్చింది. "ఇక్కడ ఆదివారం కొట్లన్నీ మూసేస్తారమ్మా. చలికాలం, నాలుగున్నరకే చీకటి పడిపోతుంది. శుక్రవారం ఆఫీసు వదిలితే మళ్ళీ సోమవారం దాకా నాతో మాట్లాడే మనిషే ఉండడు. గదిలో ఉంటే ఏడుపొస్తోంది. రైలు పాసు ఎలాగూ ఫీజులోనే ఉంది. ఎక్స్‌ప్రెస్‌లు ఎక్కకూడదుగానీ, మామూలు రైళ్ళలో దేశమంతా తిరగచ్చు. డబ్బాలో పులిహోర పెట్టుకుని వెళ్తే పైసా ఖర్చుండదు. నలుగురు మనుషుల్ని చూస్తే వారమంతా పని చేసే ఓపిక వస్తుందమ్మా."

నాకు నోట మాట రాలేదు. రాజమండ్రిలో పుట్టి పెరిగి, ఈ ఊరికి కాపురానికొచ్చిన కొత్తలో నేను చేసిందేమిటి? ప్రతి శుక్రవారం వాసవీ కన్యకాపరమేశ్వరి అమ్మవారి గుడికి వెళ్ళేదాన్ని. కోడలికి ఎంత భక్తో అని మా అత్తగారు మురిసిపోయేవారు. నిజానికి నాలుగు మొహాలు చూసి, నాలుగు మాటలు వినడానికే వెళ్ళేదాన్ని. నా బెంగ నేను మర్చిపోయి, కూతురి బెంగని షికారు అనుకున్నాను.

"వచ్చే ఆదివారం తప్పకుండా వెళ్ళు. నాక్కూడా చూపించు" అన్నాను.

కొలోన్ వెళ్ళింది. మామూలు రైల్లో గంట ప్రయాణంట. అక్కడి పెద్ద చర్చి కట్టడం 1248లో మొదలెట్టి, మధ్యలో దాదాపు 300 ఏళ్ళు ఆపేసి, చివరికి 1880లో పూర్తి చేశారుట. ఎత్తు 157 మీటర్లు. గోపురం ఎక్కడానికి 533 మెట్లు. పైకెక్కి ఆయాసపడుతూ వీడియో కాల్ చేసింది. కింద రైన్ నది. "మన సిద్ధాంతం వంతెన మీంచి గోదారిని చూసినట్టుంది కదమ్మా!" అంది. మావారు వెనకనుంచి తొంగిచూసి, "ఆరువందల ఏళ్ళు పట్టిందా! మన అప్పు అంతకన్నా ముందే తీరిపోతుందిలే" అన్నారు. ముగ్గురం నవ్వుకున్నాం.

పిల్లల్ని దూరం పంపినవాళ్ళకి ఒక చిన్న మాట. పులిహోర గుజ్జు చెయ్యడం నేర్పి పంపండి. చింతపండు పులుసులో ఉప్పు, పసుపు, పచ్చిమిర్చి, కరివేపాకు, చిన్న బెల్లంముక్క వేసి, నూనె పైకి తేలేదాకా ఉడికించి, చల్లారాక తడిలేని సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెట్టుకుంటే వారాలపాటు నిలవుంటుంది. ఆదివారం పొద్దున్న అన్నం వండుకుని, పోపు వేసి కలుపుకుంటే చాలు.

ఫోన్ చేసినప్పుడు, "ఎంత ఖర్చయింది?" అని కాదు, "ఇవాళ ఏం చూశావే?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నకి మా పిల్ల ఇప్పుడు అరగంట మాట్లాడుతోంది.