పిట్టలు వెళ్లే వేళ

ఫాల్గుణ మాసం వచ్చిందంటే మా అమ్మ పుట్టింటి వైపు అందరికీ కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతర గుర్తొస్తుంది. నాకు మాత్రం దాంతోపాటు ఇంకోటి కూడా గుర్తొస్తుంది. అది కొల్లేట్లోంచి పిట్టలు వెళ్లిపోయే కాలం.

అక్టోబరు, నవంబరుల్లో అవి వచ్చేటప్పుడు అందరూ చూస్తారు. పేపర్లో ఫొటోలు పడతాయి, బళ్లనుంచి పిల్లల్ని బస్సుల్లో తీసుకొస్తారు. వెళ్లేటప్పుడు మాత్రం ఎవరికీ పట్టదు. చుట్టం వచ్చేటప్పుడు వీధి గుమ్మం దాకా ఎదురెళ్లి, వెళ్లేటప్పుడు పడక్కుర్చీలోంచి లేవనట్టు ఉంటుంది మన వ్యవహారం.

ఈసారి జాతర అయిన మర్నాడు, ఇంకా తెల్లారకుండానే మావయ్య వచ్చి దుప్పటి లాగాడు. 

‘‘ఏరా, పిట్టలు చూడాలన్నావంట మీ అత్తతో. లే మరి. ఎండెక్కితే ఏం చూస్తావు?’’

నాకు నిద్రమత్తు ఒక్కసారిగా వదిలిపోయింది. మా ఇద్దరి మధ్య పిట్టల ఊసు వచ్చి ఎన్నాళ్లయిందో! 2006 తర్వాత ఇదే మొదటిసారి.

మావయ్యకు ఒకప్పుడు ఎనిమిదెకరాల చేపల చెరువుండేది. అంతకుముందు ఆ నేలలో దాళ్వా వరి వేసేవాడు. చుట్టుపక్కల అందరూ చెరువులు తవ్వుతుంటే తనూ అప్పు చేసి తవ్వించాడు. బొచ్చె, శీలావతి పిల్లలు వదిలాడు. ఇక అక్కణ్నుంచి ఆయనకు పిట్టలంటే పగ. గూడబాతులు వరస కట్టి, గంపల్లాంటి మూతులతో నీళ్లు తోడుతుంటే ఆయన గుండెల్లో తోడినట్టుండేది. దీపావళికి పిల్లలకి కొన్నా కొనకపోయినా చెరువు గట్టు కోసం మాత్రం ఏడాది పొడుగునా టపాకాయలు కొనేవాడు.

1999లో కొల్లేటిని అయిదో కాంటూరు దాకా, అంటే 308 చదరపు కిలోమీటర్ల మేర అభయారణ్యంగా ప్రకటించారు. 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలల జాబితాలో, అదే రామ్‌సర్ జాబితాలో, చేరింది. 2006లో అభయారణ్యం లోపలున్న చెరువుల గట్లు తెగ్గొట్టారు. వాటిలో మావయ్యదీ ఒకటి.

ఆ వారంలోనే నేను హైదరాబాదు నుంచి వెళ్లాను. అప్పటికి ఉద్యోగంలో చేరి రెండేళ్లు. పర్యావరణం మీద నాలుగు వ్యాసాలు చదివి ఉన్నాను. అన్నాల దగ్గర మాట వచ్చింది. ‘‘కష్టమే మావయ్యా... కానీ సరస్సు బతకాలి కదా. కొల్లేరంటే చేపల తొట్టి కాదు’’ అన్నాను.

ఆయన ఏమీ అనలేదు. కంచంలో చెయ్యి కడిగేసుకుని లేచిపోయాడు. అందులో పప్పూ అన్నం అలాగే ఉంది. అత్త నా వైపు చూసిన చూపు ఇప్పటికీ మర్చిపోలేదు.

నేనన్నది అబద్ధం కాదు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా ఉన్న పల్లం కొల్లేరు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన వరదంతా ఇక్కడ నిలిచి, ఉప్పుటేరు గుండా నెమ్మదిగా సముద్రంలోకి జారుకోవాలి. దారిలో గట్లు పోస్తే ఊళ్లు మునుగుతాయి. ఇదంతా నిజమే. కానీ నిజం చెప్పడానికీ ఒక వేళ ఉంటుందని ఆ వయసులో తెలియలేదు.

సరే, ఆ పొద్దున మావయ్య మోటారుసైకిలు నేను నడిపాను. ఆయనకి ఒక కంటికి శుక్లం ఆపరేషనయింది, రెండోదానికి కావాలి. గట్టు మీద బండి ఆపేసరికి తూర్పున ఇంకా ఎరుపు రాలేదు. నీళ్ల మీద పల్చగా మంచు. గుర్రపుడెక్క, కిక్కిస గడ్డి, వాటి మధ్య మసక మసగ్గా మచ్చలు. కనబడటానికి ముందే వినబడుతున్నాయి. గురగురలు, కీచుమనే కూతలు, రెక్కల తపతపలు... సంత తెరిచే ముందు గోలలా ఉంది.

వెలుగొచ్చేకొద్దీ మచ్చలకి ఆకారాలొచ్చాయి. దగ్గర్లో నల్లటి బొల్లికోళ్లు, నుదుటి మీద తెల్లటి బొట్టుతో. ఒడ్డున బురదలో ఎర్రటి పుల్లల్లాంటి కాళ్ల మీద నడిచే ఉల్లంకులు. నత్తల్ని వెతుక్కునే గుల్లకొంగలు. నడిమధ్య నీళ్లలో బాతులు, వందల్లో.

‘‘అవిగో, సూదితోకవి. ఆ పక్కన మూతి చెంచాలా ఉందే, అదింకో రకం. ఆ చిన్నవన్నీ పరజలు’’ అన్నాడు మావయ్య.

నేను బైనాక్యులర్స్ సర్దుకునే లోపు ఆయన ఆ మసక కళ్లతోనే అన్నీ చెప్పేశాడు. వాటిని తరమడానికి అన్నేళ్లు గట్టు మీద కాపలా కాసినవాడికి వాటి నడక, ఎగిరే తీరు తెలియకుండా ఎలా ఉంటాయి? పుస్తకం చూసి నేర్చుకున్న నాకంటే పగ పట్టి నేర్చుకున్న ఆయనకే బాగా తెలుసు.

‘‘ఇవి ఇంకో రెండు మూడు రోజులుంటాయి, అంతే’’ అన్నాడు.

‘‘ఎలా చెప్పగలవు?’’

‘‘చూడు, ఒకచోట నిలవట్లేదు. ఊరికే లేస్తాయి, ఒక చుట్టు తిరిగొచ్చి మళ్లీ వాల్తాయి. సాయంత్రమయితే ఇంకా ఎక్కువ. ప్రయాణం ముందు మీ అత్త ఇంట్లోకీ బయటికీ తిరిగినట్టే!’’

సరిగ్గా శాస్త్రవేత్తలు చెప్పేదీ అదే. పగటి పొద్దు పెరగడాన్ని పక్షి ఒళ్లు పసిగడుతుంది. దాని లోపలుండే ఏడాది గడియారం కూడా వేళయిందని చెబుతుంది. అప్పుడు తెగ తిని కొవ్వు పెంచుకుంటుంది. దారిఖర్చు అదే. బాతులు ఎక్కువగా రాత్రిపూటే బయల్దేరతాయి. ఇక్కణ్నుంచి ఉత్తరానికి, మధ్య ఆసియా దాటి సైబీరియా వరకూ వెళ్లేవి ఉన్నాయి. అక్కడ మంచు కరిగే వేళకి చేరితేనే గూడు, గుడ్లు, పిల్లలు.

ఇంకో సంగతి చెప్పాను మావయ్యకి. ఈ బాతులు చాలావరకు జత కట్టేది చలికాలం గడిపే ఇలాంటి చోట్లలోనే. తర్వాత ఆడబాతు తను పుట్టిన చోటికి వెళ్తుంది. మగబాతు దాని వెంట పోతుంది.

‘‘అయితే అన్నీ ఇల్లరికం అల్లుళ్లేనన్నమాట!’’ అని పకపకా నవ్వాడు. ఆయన అలా నవ్వగా చూసి చాలా కాలమైంది.

ఎండెక్కాక ఆటపాక వెళ్లాం. అక్కడ ఇనుప స్టాండ్ల మీద గూడబాతులు కాపురాలు పెట్టాయి. ఎదిగిన పిల్ల తల్లి గొంతు సంచిలో తల దూర్చి చేప లాక్కుంటోంది. పక్కన ఎవరో పిల్లాడికి ‘ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చాయి’ అని చెబుతున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు గానీ, ఈ గూడబాతులు మనవే. నీళ్లనీ చేపలనీ బట్టి ఈ దేశంలోనే చోట్లు మారుతుంటాయి. పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో వీటి కాలనీ గురించి కేరళకు చెందిన పక్షి పరిశోధకుడు కె.కె. నీలకంఠన్ 1949లోనే రాశారు.

మావయ్య చాలాసేపు వాటినే చూస్తూ నిలబడ్డాడు.

‘‘అక్కడ టపాకాయ కాల్చి తరిమితే ఇక్కడికొచ్చి వాలేవి. వాటికీ పిల్లలున్నాయని అప్పుడు తట్టలేదురా. నా పిల్లల ఫీజులే కనబడేవి’’ అన్నాడు.

ఇన్నేళ్లుగా గొంతులో అడ్డం పడ్డ మాట అప్పటికి బయటికొచ్చింది. ‘‘ఆ రోజు నేనలా అని ఉండకూడదు మావయ్యా. తప్పయింది.’’

ఆయన నా వైపు తిరగలేదు. ‘‘నువ్వన్నది తప్పని కాదురా. గట్లు పోసింది మేమే. మొన్నమొన్నటి దాకా ఒప్పుకోలేదు గానీ, నాకూ తెలుసు. కానీ ఇల్లు కాలినోడికి ఆ రోజే లెక్కలు చెప్పకూడదు. నీళ్లు పోశాక చెప్పాలి.’’

నా దగ్గర జవాబు లేదు. సరస్సు బతకాలనే ఇప్పటికీ అనుకుంటాను. అప్పు మిగిలి చెరువు పోయిన మనిషి పక్కన కూర్చుని అదే మాట అనాలంటే మాత్రం కాస్త గొంతు తగ్గించుకుంటాను. కొల్లేటిలో ఆ రెండూ నిజాలే.

హైదరాబాదు వచ్చేశాను. నాలుగో రోజు పొద్దున్నే ఫోను. అటువైపు మావయ్య.

‘‘పోయాయిరా. రాత్రే లేచినట్టున్నాయి. నీళ్లు బోసిగా ఉన్నాయి.’’

ఇంత పొద్దున్నే గట్టు మీదకెందుకు వెళ్లావని అడగలేదు. ‘‘మళ్లీ అక్టోబరుకి వస్తాయిలే మావయ్యా’’ అన్నాను.

‘‘అవొస్తాయి. నువ్వెప్పుడొస్తావో అది చెప్పు’’ అన్నాడు.